సంత నుంచి తెర దాకా: అరకు కాఫీ వ్యాపారం – చట్టాల చరిత్ర

విశాఖ మన్యంలో వ్యాపారం గురించి రాసిన పాత నివేదికల్లో ఆదివాసి సాధారణంగా రెండు పాత్రల్లోనే కనిపిస్తాడు. సంతకు అటవీ ఫలసాయం మోసుకొచ్చేవాడు, సాహుకారుకు బాకీపడ్డవాడు. వ్యాపారిగా మాత్రం కనిపించడు. అలా కనిపించకపోవడం అధికారుల చూపులోని లోపం మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. ఈ ప్రాంతం కోసం సుమారు నూటయాభై ఏళ్లపాటు రూపొందిన శాసనాలు కూడా అతన్ని అమ్మేవాడుగా, మోసపోయేవాడుగా, అందువల్ల రక్షణ అవసరమైనవాడుగానే ఊహించాయి.

ఇవాళ పరిస్థితి కొంత మారింది. పాడేరు, చింతపల్లి, అరకు, అనంతగిరి ప్రాంతాల్లో కాఫీ పండించే కుటుంబాల యువకులు కొందరు గింజలను తామే వేయించి, పొడి కొట్టి, పొట్లాలు కట్టి, ఫోనులో వచ్చిన ఆర్డర్లకు పంపుతున్నారు. అలా పంపిన మరుక్షణం వారు మరో చట్ట కుటుంబం పరిధిలోకి వెళ్తారు. వినియోగదారుల రక్షణ, ఆహార భద్రత, వస్తు సేవల పన్ను, భౌగోళిక గుర్తింపు, వ్యక్తిగత సమాచార రక్షణ అందులోనివి. వీటిలో చాలావాటి దృష్టిలో బలహీనుడు కొనేవాడు. అమ్మేవాడు లెక్క చెప్పవలసినవాడు. మన్యం చట్టాల్లో రక్షితుడైన మనిషే ఇక్కడ జవాబుదారు అవుతాడు. ఒకే మనిషి మీద పనిచేసే ఈ రెండు చట్ట సంప్రదాయాలు ఎక్కడ కలుసుకుంటున్నాయో, ఎక్కడ ఒకదానినొకటి పట్టించుకోకుండా పోతున్నాయో కాఫీ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. డిజిటల్ వ్యాపారం నిన్నటిదే కావచ్చు. దాని అడుగున ఉన్న పొరలు మాత్రం 1839 దాకా పోతాయి.

ఏకపక్ష డిక్రీల కాలం

1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను సాధారణ న్యాయపాలన నుంచి తప్పించి, గవర్నరుకు ఏజెంటు హోదాలో కలెక్టరు చేతిలో పెట్టింది. 'ఏజెన్సీ' అనే మాట మన భాషలోకి వచ్చిన దారి ఇదే. ఒక ఉద్యోగి హోదా పేరు ప్రాంతనామమై, చివరకు 'మన్యం' అనే దేశిమాట పక్కన దాదాపు పర్యాయపదంగా స్థిరపడింది. ఇవాళ్టికీ 'ఏజెన్సీవాళ్లు' అన్నప్పుడు మనం తెలియకుండానే ఒక శాసనాన్ని ఉచ్చరిస్తున్నాం.

చట్టం మన్యాన్ని వేరుచేసినా వ్యాపారం వేరుచేయలేదు. గోదావరి వైపు రంప దేశంలో 1879 నాటి పితూరీకి కారణాలుగా కల్లు పన్నునూ మన్సబుదారు దాష్టీకాన్నీ చరిత్రకారులు ప్రముఖంగా చెబుతారు. మూడో కారణాన్ని అంత నొక్కి చెప్పరు కానీ ప్రస్తుత విషయానికి అదే ముఖ్యం. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు కొండవారిచేత అర్థం కాని ఒప్పందాలు చేయించుకొని, దిగువనున్న సివిలు కోర్టుల్లో దావాలు వేసి, ప్రతివాది హాజరు కానందున ఏకపక్ష డిక్రీలు పొంది, దొరికిన ఆస్తినల్లా జప్తు చేసుకుపోయేవారు. హెమింగ్వే 1907లో ప్రచురించిన గోదావరి జిల్లా గెజిటీరు దీన్ని స్పష్టంగానే నమోదు చేసింది. అయిదు రూపాయల బాకీకి వంద రూపాయల విలువైన పశువులనూ పంటనూ తోలుకుపోయిన ఉదంతం అందులో ప్రస్తావనకు వస్తుంది.

ఇక్కడ గమనించవలసింది వ్యాపారి దురాశ ఒక్కటే కాదు. అతను వాడుకున్న పనిముట్లన్నీ చట్టబద్ధమైనవి. ఒప్పందం చట్టబద్ధం, సమను చట్టబద్ధం, డిక్రీ చట్టబద్ధం. కోర్టు దూరంగా ఉండడం, కాగితం మీది భాష తెలియకపోవడం, గడువు ముగిసిందన్న సంగతే చెవిన పడకపోవడం – ఈ మూడూ కలిస్తే చాలు, చట్టం దోపిడీకి సాధనమైంది. కొండవారు ఆగ్రహాన్ని వ్యాపారి దగ్గరే ఆపకుండా సర్కారు మీదికి మళ్లించడంలో ఉన్న తర్కం కూడా ఇదే.

ఆ అనుభవం శాసనంగా మారడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 1917 నాటి ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం కొండజాతివారి భూమి ఏజెంటు అనుమతి లేకుండా ఇతరుల చేతికి పోకుండా నిషేధించింది. వడ్డీకి నూటికి 24 పరిమితి పెట్టి, చక్రవడ్డీని తోసిపుచ్చింది. భూమినీ అప్పునూ ఒకే చట్టంలో కట్టిపెట్టడం దాని విశిష్టత. భూమి పోయేది అప్పుదారినే అన్న గ్రహింపు అందులో ఉంది. అమలు సంగతి వేరు. అయిదేళ్లు తిరగకముందే, 1922లో, గూడెం కొండల్లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన పోరాటం మొదలైంది. దాని వెనుక అటవీ నిర్బంధాలూ, రోడ్ల పనుల్లో కూలి ఎగవేతా ఉన్నాయి. 1924లో ఆ పోరాటం అణగారిన ఏడాదే ఏజెన్సీ నియమావళి రావడం యాదృచ్ఛికమో కాదో గానీ, మన్యంలో సివిలు వివాదాలను రెవెన్యూ అధికారులే విచారించే పద్ధతి దానితో స్థిరపడి, స్వాతంత్ర్యానంతరమూ కొనసాగింది.

'వ్యక్తి' అంటే ఎవరు?

1959 నాటి ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ తెలుగు పాఠకులకు '1/70 చట్టం'గా చిరపరిచితం. ఒక భిన్నాంకం ఇలా సామాన్యనామంగా వాడుకలో పాతుకుపోయిన ఉదాహరణలు మన భాషలో ఎక్కువ లేవు. సవరణ తర్వాత షెడ్యూల్డు ప్రాంతంలో భూమి ఆదివాసికి గానీ, కేవలం ఆదివాసులే సభ్యులుగా గల సహకార సంఘానికి గానీ తప్ప మరెవరికీ బదిలీ కాదు. ఆదివాసేతరుని చేతిలోని భూమి ఒకనాడు ఆదివాసి నుంచి వచ్చిందేనన్న చట్టపరమైన భావన కూడా అందులో ఉంది. 1988లో సుప్రీంకోర్టు రామిరెడ్డి కేసులో దీని రాజ్యాంగబద్ధతను సమర్థించింది.

1997 జూలైలో వచ్చిన సమత తీర్పు మరో అడుగు ముందుకు వేసింది. అనంతగిరి మండలం బొర్రా పరిసరాల్లో గనుల లీజులను ప్రశ్నిస్తూ సాగిన ఆ వ్యాజ్యంలో, నిబంధనలోని 'వ్యక్తి' అనే మాటలో ప్రభుత్వం కూడా చేరుతుందనీ, కనుక ప్రభుత్వం సైతం ఆదివాసేతరులకు భూమి లీజుకివ్వరాదనీ ధర్మాసనంలో మెజారిటీ తేల్చింది. ఒక మాట అర్థవ్యాప్తి మీద ఒక లోయ భవితవ్యం ఆధారపడిన సందర్భమిది. అర్థవిపరిణామం గురించి తరగతిలో పాఠం చెప్పేవారు ఈ ఉదాహరణను ఎందుకు వాడుకోరో తెలియదు.

అయితే ఈ రక్షణలో మన అంశానికి సంబంధించిన ఒక మడత ఉంది. నిబంధన అనుమతించిన ఏకైక సామూహిక రూపం 1964 సహకార సంఘాల చట్టం కింద నమోదైన, పూర్తిగా ఆదివాసుల సంఘం. 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వేరే శాసనంగా వచ్చింది. 2002లో కంపెనీల చట్టంలోకి ఉత్పత్తిదారుల కంపెనీ అనే రూపం ప్రవేశించింది. ఇవాళ రైతులను కొత్త వ్యాపారాల్లోకి ప్రోత్సహించే పథకాలు తరచు సూచించేది ఈ కొత్త రూపాలనే. పెట్టుబడి పెట్టేవాడికి వాటా ఇచ్చి ఎదగడం అనే ప్రస్తుత వ్యాపార పద్ధతి 1970 నాటి పాఠంలో ఇమడదు. బయటి వాటాదారు ఒక్కడు చేరినా సంఘం 'కేవలం ఆదివాసులది' కాకుండా పోతుంది. అప్పుడు గింజలు ఆరబెట్టే కళ్లానికి సెంటు భూమి కొనడం కూడా శూన్యబదిలీ అవుతుంది.

దీన్ని చూపి 1/70ను సడలించాలనే వాదన అప్పుడప్పుడు వినిపిస్తుంటుంది. ఆ వాదనతో ఈ వ్యాసకర్తకు ఏకీభావం లేదు. భూమి కదలకుండా ఉండబట్టే అరకులో కాఫీ తోట చిన్నరైతు చేతిలో మిగిలింది. పడమటి కనుమల్లో కాఫీ చరిత్రలో పెద్ద ఎస్టేట్లకు ఉన్న స్థానాన్ని పోల్చి చూస్తే ఈ విషయం బోధపడుతుంది. కావలసింది భూమిని విడిపించడం కాదు. భూమి జోలికి పోకుండా గింజ మీదా పేరు మీదా పెట్టుబడి సమకూర్చుకొనే సంస్థారూపం కావాలి. శాసనకర్తలు అటు చూడలేదు.

కాఫీకి రెండు సంకెళ్లు, రెండు విడుదలలు

తూర్పు కనుమల్లోకి కాఫీ 1898 ప్రాంతంలో బ్రోడీ అనే ఆంగ్లేయుని ద్వారా గోదావరి జిల్లా పాములేరు లోయకు వచ్చిందని చెబుతారు. విశాఖ మన్యంలో అది విస్తరించినది స్వాతంత్ర్యం తర్వాతనే. అటవీశాఖ తోటలు, గిరిజన సహకార సంస్థ ప్రోత్సాహం, ఆపైన పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ పథకాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పోడు వ్యవసాయం మాన్పించడం వీటి ప్రకటిత లక్ష్యాల్లో ఒకటి. అంటే కాఫీ మొక్క ఇక్కడికి పంటగా కంటే ముందు పాలనా విధానంగా వచ్చిందన్నమాట.

1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ సాహుకారును సంత నుంచి తప్పించడానికి పుట్టింది. 1979 నిబంధన చిన్నతరహా అటవీ ఉత్పత్తుల కొనుగోలులో దానికి గుత్తాధికారం కట్టబెట్టింది. చింతపండు, అడ్డాకు, కరక్కాయ, తేనె వంటివి మరొకరు కొనడం నేరమైంది. సాహుకారు పోయిన చోట ప్రభుత్వమే ఏకైక కొనుగోలుదారై కూర్చుంది. ధర నచ్చకపోతే మరొకరికి అమ్ముకొనే స్వేచ్ఛ ఆదివాసికి అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఉత్పత్తుల మీద యాజమాన్యం అడవిబిడ్డలదేనని ప్రకటించిన తర్వాత ఈ గుత్తాధికారానికి నైతికంగా నిలబడే చోటు కష్టమే.

కాఫీ కథ వేరు. అది సాగుచేసిన పంట కనుక అటవీ ఉత్పత్తి నిర్వచనంలోకి రాదు. దాని సంకెల ఢిల్లీ నుంచి వచ్చింది. 1942 కాఫీ చట్టం కింద దేశంలోని సాగుదారులు తమ పంటను కాఫీ బోర్డు ఉమ్మడి నిల్వకు అప్పగించాలి. 1990ల తొలినాళ్లలో మొదలైన సడలింపులు 1996 నాటికి ఆ పద్ధతికి ముగింపు పలికాయి. ఆ విధంగా మన్యం చిన్నరైతుకు తన కాఫీని తాను కోరినవారికి అమ్ముకొనే హక్కు వచ్చి ముప్ఫై ఏళ్లే అయింది. ఈ ముప్ఫై ఏళ్లలోనే సహకార సంస్థ తన కాఫీని సొంత పేరుతో మార్కెట్లో పెట్టడం, నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో రైతు సంఘాల కాఫీ 2017లో పారిస్ నగరంలో 'అరకు' పేరిట దుకాణానికి చేరడం జరిగాయి. గింజకు స్వేచ్ఛ వచ్చాక విలువ పేరులోకి మారింది. కనుక తర్వాతి వివాదభూమి పేరే.

పేరుకు హక్కుదారు

1999లో పార్లమెంటు ఆమోదించి 2003 సెప్టెంబరులో అమలులోకి తెచ్చిన భౌగోళిక గుర్తింపుల చట్టం కింద 2019లో 'అరకు వ్యాలీ అరబికా కాఫీ' నమోదైంది. కూర్గ్, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి అరబికాలు, వయనాడ్ రొబస్టా దానితోపాటే గుర్తింపు పొందాయి. దరఖాస్తుదారు కాఫీ బోర్డు. ప్రభుత్వ వివరణలో ఈ కాఫీ విశాఖపట్నం జిల్లా కొండలదీ ఒడిశా ప్రాంతానిదీ. సముద్రమట్టానికి 900 నుంచి 1100 మీటర్ల ఎత్తున పండేది. అంటే చట్టపు 'అరకు' లోయకన్నా పెద్దది. పాడేరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి రైతు గింజ కూడా అరకు పేరుతోనే అమ్ముడుపోవాలి. పైగా 2022 ఏప్రిల్‌లో ఈ కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి మారాయి. నమోదు నాటి జిల్లా పేరులో ఇప్పుడు ఆ తోటలు లేవు.

ఈ చట్టంలో మూడు అంశాలు ఆగి చదవదగినవి. మొదటిది 24వ సెక్షను: భౌగోళిక గుర్తింపును అమ్మడం, బదిలీ చేయడం, తాకట్టు పెట్టడం చెల్లవు. ఇది చదివినప్పుడు 1/70 గుర్తుకు రాకమానదు. మట్టిని కదలనివ్వని తర్కాన్నే మట్టి పేరుకూ వర్తింపజేశారు. రెండు శాసనాల వంశవృక్షాలు వేరు. ఒకటి పితూరీల భయం నుంచి, మరొకటి ప్రపంచ వాణిజ్య సంస్థ ఒడంబడిక నుంచి పుట్టాయి. అయినా అరకు కొండ మీద అవి ఒకే మాట చెబుతున్నాయి.

రెండవది అందుకు విరుద్ధంగా నడుస్తుంది. చట్టంలో 'ఉత్పత్తిదారు' నిర్వచనం పండించేవానితో ఆగదు. వ్యవసాయ వస్తువు విషయంలో దాన్ని శుద్ధిచేసేవాడు, పొట్లం కట్టేవాడు, చివరకు దానితో వ్యాపారం చేసేవాడు కూడా ఉత్పత్తిదారే. 1917 చట్టం ఎవరినుంచి కొండవారిని కాపాడాలనుకుందో ఆ సాహుకారు వారసుడు ఈ నిర్వచనం ప్రకారం రైతు పక్కనే సమానస్థాయిలో నిలబడతాడు. అధీకృత వినియోగదారుగా నమోదు కావడానికి ఇద్దరికీ ఒకే అర్హత. 2020లో ఆ దరఖాస్తు రుసుమును 500 రూపాయల నుంచి 10 రూపాయలకు తగ్గించిన మాట నిజం. అయితే మన్యంలో అడ్డంకి ఎప్పుడూ రుసుము కాదు. ఏ కాగితం, ఏ భాషలో, ఏ కార్యాలయంలో ఇవ్వాలన్నదే.

మూడవది వ్యాపార చిహ్నాల సంగతి. భౌగోళిక గుర్తింపును చిహ్నంగా నమోదు చేయరాదని 25వ సెక్షను చెబుతుంది. గుర్తింపు దరఖాస్తుకు ముందే సద్భావంతో నమోదైన చిహ్నాలకు 26వ సెక్షను రక్షణ ఇస్తుంది. తన ఊరిపేరు పెట్టుకొని పొడి అమ్మబోయిన రైతు, ఆ పేరు ఇంకెవరి చిహ్నంలో ఉందో ముందుగా వెతుక్కోవలసి రావడం ఈ రెండు సెక్షన్ల మధ్య సందులో జరుగుతుంది. ఉల్లంఘన జరిగితే దావా వేయవలసింది జిల్లా కోర్టుకు తగ్గని న్యాయస్థానంలో. ఇక తెర మీద 'అరకు' అని ముద్రించిన పొట్లం ఏ నగరంలో కట్టారో పాడేరులో కూర్చున్నవాడికి తెలిసే మార్గం తక్కువ.

వేయించిన గింజ

చట్టం దృష్టిలో రైతు ఎప్పుడు వ్యాపారి అవుతాడు? కాఫీ విషయంలో దీనికి దాదాపు భౌతికశాస్త్రపు సమాధానమే ఉంది: గింజ వేగినప్పుడు. వేయించని కాఫీ గింజల మీద వస్తు సేవల పన్ను లేదు. వేయిస్తే నూటికి అయిదు. సొంత సాగు పంటను అమ్ముకొనే వ్యవసాయదారుడు పన్ను నమోదు చేయించుకోనక్కరలేదు. పెనం పొయ్యి మీద పెట్టాక ఆ మినహాయింపు అతనికి వర్తించదు. అదనపు విలువ రైతుకే దక్కాలని సభల్లో చెబుతాం. ఆ విలువ మొదలయ్యే చోటే చట్టం అతనికి కొత్త పేరు పెడుతుంది.

చిన్న అమ్మకందారుకు వార్షిక టర్నోవరు ఆధారంగా మినహాయింపు ఉంది కదా అనవచ్చు. ఆన్‌లైన్ వేదిక ద్వారా అమ్మితే టర్నోవరు ఎంతైనా నమోదు తప్పనిసరి అని 2017 చట్టం అన్నది. 2023 అక్టోబరు నుంచి రాష్ట్రంలోపలి అమ్మకాలకు చిన్నవారిని వదిలిపెట్టారు; రాష్ట్రం దాటితే పాత నియమమే. మన్యం కాఫీకి సహజమైన నగర మార్కెట్లలో హైదరాబాదు ఒకటి. 2014 జూన్ తర్వాత అది పొరుగు రాష్ట్రం. విశాఖపట్నానికి అరకేజీ పొట్లం పంపినవాడు మినహాయింపులో ఉంటాడు. అదే పొట్లం హైదరాబాదుకు అదే వేదిక ద్వారా పంపితే లెక్కలు దాఖలు చేసే బాధ్యతలోకి వస్తాడు. రాష్ట్ర విభజన మీద వెలువడిన విస్తారమైన రచనల్లో ఇంత చిన్న గీత ఎవరికీ కనిపించినట్టు లేదు.

దీనిపైన 2020 ఈ-కామర్స్ నియమాలు ఉన్నాయి. వేదిక మీద అమ్మేవాడు ఫిర్యాదుల అధికారిని నియమించాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. పెద్ద వ్యాపారులను ఉద్దేశించి రాసిన ఈ నియమం సెల్ సంకేతం సరిగా అందని గూడెంలోని ఒంటరి అమ్మకందారుకూ అక్షరాలా వర్తిస్తుంది. వేదికతో అతను కుదుర్చుకున్న ఒప్పందమో, అంగీకరిస్తున్నానని ఒక మీట నొక్కడంతో పూర్తయిపోతుంది. అలాంటి ఒప్పందాల్లో వివాదాలు ఫలానా మహానగరం కోర్టుల్లోనే తేలాలన్న షరతు మామూలే. దూరపు కోర్టు, తెలియని భాష, దాటిపోయిన గడువు. 1879 నాటి మూడు పనిముట్లూ ఇక్కడ మళ్లీ వరుసగా కనిపిస్తాయి. పశువులను తోలుకుపోయే అమీను మాత్రం లేడు. ఖాతా నిలిపివేయడం చాలు.

గూడెం అక్షాంశ రేఖాంశాలు

యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన అటవీ నిర్మూలన నిరోధక నిబంధన అమలు గడువు వాయిదాల మీద సాగుతున్నా, దాని చూపు ఇప్పటికే మన్యం మీద ఉంది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన భూమిలో పండిన కాఫీ ఆ దేశాల మార్కెట్లోకి రాకూడదు. దానికి రుజువుగా ప్రతి తోట భౌగోళిక స్థానాన్ని చూపాలి, సాగు స్థానిక చట్టాలకు లోబడి జరిగిందని తెలపాలి. సిల్వర్ ఓక్ నీడన మిరియం తీగల మధ్య కాఫీ పెంచే రైతుకు మొదటి షరతు కష్టం కాదు. రెండవదే చిక్కు. అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చినవాడు కాగితం చూపగలడు. దరఖాస్తు పెండింగులో ఉన్నవాడు, తిరస్కరించబడినవాడు అదే కొండవాలు మీద అదే కాఫీ పండించినా చూపలేడు. జీవనాధారం కోసం ఇచ్చిన పట్టా ఈవిధంగా ఎగుమతి పత్రంగా రెండో జన్మ ఎత్తుతోంది.

ఇక తోట స్థానం, రైతు పేరు, ఆధారు, బ్యాంకు ఖాతా, దిగుబడి కలిసి ఒకరి కంప్యూటరులో నమోదవుతాయి. వ్యక్తి నుంచి సమాచారం తీసుకొనే ముందు సమ్మతి కోరే ప్రకటన ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏదైనా భాషలో గానీ చదువుకొనే వీలుండాలని 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అంటుంది. అరకు కొండల మీద వినిపించే కువి, కొండ, గదబ, ఆదివాసీ ఒడియా ఆ షెడ్యూలులో లేవు. కొండభాషకు భద్రిరాజు కృష్ణమూర్తి 1969లోనే సమగ్ర వ్యాకరణం అందించారు. వ్యాకరణం ఉన్న భాషకు సమ్మతి తెలిపే హక్కు మాత్రం లేదు. రంప కాలంలో అర్థంకాని ఒప్పందం తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉండేది. ఇవాళ సమ్మతి పత్రాన్ని తెలుగులో ఇస్తే చట్టం ముందు బాధ్యత తీరిపోతుంది. కువి మాట్లాడే ముసలి రైతుకు మనుమడు ఫోనులో దాన్ని చదివి వినిపించి, తనకు తోచిన మాటల్లో చెప్పి, అతని బొటనవేలును తెర మీద ఆనిస్తాడు. ఆ మనుమడు చెప్పిన మాటలేవో ఏ రికార్డులోనూ ఉండవు.